చెరి సగం ఫిజిక్స్

వద్దు వదినా. ఆ మిఠాయి ముక్క ఇంకోసారి నా నోటి దగ్గరికి తెచ్చావంటే తీసుకెళ్ళి ఈ ఎంగిలి నీళ్ళ బకెట్లో పడేస్తా, చెబుతున్నా. చేతులకి సబ్బు ఉంది కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికే పడేసేదాన్ని.

అక్కడ పెట్టు, ఆ గట్టు మీద. ఈగలు తింటాయి. వాటికైనా నిజంగా సంతోషంగా ఉంటుంది.

ఎవరడుగుతున్నారు నన్ను? అందరూనా? అబ్బో! మీ తమ్ముడికి వ్యవసాయ కాలేజీలో సీటొచ్చిందని వీధి వీధంతా వచ్చి ముందుగదిలో కూర్చుంది. అదే పరీక్ష నేనూ రాశానని, నాకు రాలేదని కూడా వాళ్ళకి తెలుసు. అందుకే అడుగుతున్నారు. నేను బయటికొస్తే నా మొహం ఎంత మాడిపోయిందో చూసి, ఇళ్ళకెళ్ళి చెప్పుకోవాలి కదా మరి!

రాను. పని ఉందని చెప్పు. అబద్ధం కూడా కాదు, చూడు ఎన్ని కప్పులున్నాయో. ఒక్కొక్కరూ రెండేసి సార్లు తాగారు టీ.

ష్... విను. అదిగో, మళ్ళీ మొదలెట్టారు అత్తయ్య. "మావాడు గిన్నెలు తోముతూ చదివాడండీ!" విన్నావా? పొద్దుటి నుంచీ ఇదే పాట. వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని వినడం! "అయ్యో, మగపిల్లాడు, గిన్నెలు తోమాడా!" అని బుగ్గలు నొక్కుకోవడం! ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో గిన్నెలు నేను తోముతుంటే ఒక్కరు బుగ్గ నొక్కుకోలేదు వదినా. మీ తమ్ముడు ఒక్క వేసవి తోమాడు, చరిత్రలోకెక్కిపోయాడు.

ఛీ! ఒళ్ళు మండిపోతోంది నాకు.

ఏంటి, అలా అనకూడదా? ఎందుకనకూడదు? నువ్వు ఆయనకి అక్కవి, తెలుసు. చంకనేసుకుని పెంచావు, అదీ తెలుసు. అయినా నీతోనే ఎందుకు చెబుతున్నానంటే, ఈ ఇంటివాళ్ళలో నా మాట చివరిదాకా వినే మనిషివి నువ్వొక్కదానివే. కూర్చో. ఆ స్టూలు తుడుచుకుని కూర్చో, తడిగా ఉంది.

ఆ గిన్నెల సంగతి నీకు తెలీదు కదా. మీ అమ్మ చెప్పిందే విన్నావు. ఇప్పుడు నేను చెబుతా, విను.

మేమిద్దరం పనిచేసేది ఒకే నర్సరీలో కదా. ఆయన మొక్కల వ్యాను నడుపుతాడు. నేను వెనక షెడ్డులో కూర్చుని కొమ్మలకి అంటు కడతాను. ఒక కొమ్మ పచ్చగా చిగురేస్తుంది. దాని పక్కదే, అదే కత్తితో కోసి, అదే చేత్తో కట్టింది, ఎండి పుల్లయిపోతుంది. ఎందుకు? మా సూపర్‌వైజర్ని అడిగితే "దాని రాత" అంటాడు. పుల్లకి రాతేంటి వదినా? లోపల ఏదో జరుగుతుంది కదా! అదేదో తెలుసుకోవాలని నాకు. పడుకుంటే అదే, లేస్తే అదే. అందుకే వ్యవసాయ కాలేజీకి పరీక్ష రాస్తానన్నాను.

ముందు అన్నది నేను. అది గుర్తుపెట్టుకో. మీ తమ్ముడు కాదు. నేనన్నాక, నాలుగు రోజులు అటూ ఇటూ తిరిగి, "అయితే నేనూ రాస్తా, ఎన్నాళ్ళు ఈ స్టీరింగు పట్టుకుని వేలాడను" అన్నాడు.

మంచిదే కదా అనుకున్నా. కానీ ఇద్దరం ఒకేసారి కాలేజీలో కూర్చుంటే ఇల్లెలా గడుస్తుంది? పాప ఉంది. ఎవరో ఒకరి జీతం ఇంట్లోకి రావాలి. అందుకని ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరం రాయాలి. ఎవరికి మంచి ర్యాంకు వస్తే వాళ్ళు ముందు చదువుకోవాలి. రెండోవాళ్ళు ఆ నాలుగేళ్ళూ పనిచేసి ఇల్లు నడపాలి. మొదటివాళ్ళ చదువు అయ్యాక వాళ్ళ వంతు.

చూశావా, "వాళ్ళ వంతు" అనగానే నువ్వు కళ్ళు దించుకున్నావు. నీకే నమ్మకం లేదు. నాలుగేళ్ళ తర్వాత పాప బడి, అత్తయ్య మోకాళ్ళు, ఈలోగా ఇంకో బిడ్డ కావాలంటారు, ఇంకెక్కడి నా వంతు? ఇప్పుడు పోయిందంటే పోయినట్టే. ఆ సంగతి ఒప్పందం రోజునే నాకు తెలుసు. అందుకే అంత పట్టుదలగా చదివాను.

బయాలజీ నాకు మంచినీళ్ళ ప్రాయం. కెమిస్ట్రీ పర్వాలేదు. ఎటొచ్చీ ఆ ఫిజిక్సే ఇద్దరి ప్రాణాలూ తోడేసింది. అసలు మొక్కల చదువుకి ఆ రైళ్ళ లెక్కలెందుకు వదినా? రైలు స్తంభాన్ని దాటితే నాకేంటి, దాటకపోతే నాకేంటి? నిమ్మచెట్టు ఏమన్నా రైలెక్కుతుందా? పైగా ఆ పుస్తకం భాషొకటి! "తాడునకు బరువు లేదనుకొనుము. గాలి అడ్డు లేదనుకొనుము. రాపిడి లేదనుకొనుము." అన్నీ అనుకొనుమే! బరువు లేని తాడు ఏ కొట్లో అమ్ముతారో చెబితే నేనూ ఓ చుట్ట కొనుక్కుందును.

నవ్వకు. నవ్వొచ్చే సంగతి కాదు. మిగతా రెండిట్లో ఎంత పొడిచేసినా, ఫిజిక్స్‌లో కనీస మార్కులు రాకపోతే ర్యాంకే ఇవ్వరు. లిస్టులో పేరే ఉండదు.

అలాంటి ఫిజిక్స్‌కి మాకున్నది ఒక్కటే లెక్కల పుస్తకం. ఇంత లావుది. నాకు పాప లేవకముందు కావాలి, ఆయనకీ అప్పుడే కావాలి. నాకు మధ్యాహ్నం తిండి టైములో కావాలి, ఆయనకి వ్యానుకి లోడు ఎక్కిస్తున్నప్పుడు కావాలి, అదీ అదే టైము. రోజూ తగువే. ఒకరోజు మీ తమ్ముడు ఏం చేశాడో తెలుసా? కూరల కత్తి తీసుకొచ్చి పుస్తకాన్ని నడుం దగ్గర కోసేశాడు. నిజం! సరిగ్గా మధ్యలోకి తెరిచి, అట్టతో సహా, రెండు ముక్కలు. "ఇదిగో, చెరి సగం. ఇంక ఏడవకు" అన్నాడు.

చలనం, బలం, రాపిడి, అవన్నీ ఉన్న మొదటి సగం ఆయనకి. వేడి, వెలుగు, కరెంటు ఉన్న రెండో సగం నాకు.

ఎంత నవ్వానో వదినా ఆరోజు! పుస్తకాన్ని రొట్టెలా కోసేసిన మొగుణ్ణి చూసి ముచ్చటపడ్డాను కూడా. సిగ్గులేకుండా.

ఆ తర్వాత రూలు పెట్టింది మాత్రం నేనే. నా నెత్తిన మట్టి నేనే పోసుకున్నా. ఎవరి సగం వాళ్ళ దగ్గరే ఉండాలి, రెండోవాళ్ళు తొంగి చూడకూడదు. నా సగంలోంచి రోజూ నేనో పేపరు తయారుచేసి ఆయనకి పెడతాను. ఆయన సగంలోంచి ఆయన నాకు పెట్టాలి. తప్పుపోయిన వాటిని పేపరు పెట్టినవాళ్ళే పక్కన కూర్చుని విడమరిచి చెప్పాలి. అలా అయితే ఒక సగం నేర్పడం వల్ల వస్తుంది, ఇంకో సగం నేర్చుకోవడం వల్ల వస్తుంది, మొత్తం పుస్తకం ఇద్దరికీ వచ్చేస్తుంది. చూశావా నా బుర్ర! ఇక ఏ రోజు ఎవరికి తక్కువ మార్కులొస్తే ఆ రోజు గిన్నెలు వాళ్ళు తోమాలి. అది కూడా నేనే అన్నాను, సరదాకి.

ఇప్పుడర్థమైందా గిన్నెల భాగవతం?

నేను పేపరు ఎలా పెట్టేదాన్నో తెలుసా? మధ్యాహ్నం అందరూ తిని కునుకు తీస్తుంటే, మట్టి బస్తా మీద కూర్చుని ఒక్కో లెక్కా ఏరేదాన్ని. తేలికది రాయబుద్ధయ్యేది కాదు. వేడినీళ్ళలో ఐసుముక్క వేస్తే చివరికి ఎంత వేడి మిగులుతుంది అన్నది మామూలు లెక్క. నేను దానికి ఇత్తడి గిన్నె కూడా తగిలించేదాన్ని. నీళ్ళతోపాటు గిన్నె కూడా చల్లబడుతుంది కదా, దాని వాటా లెక్కలోకి రావాలి కదా! మీ తమ్ముడు ప్రతిసారీ గిన్నెని మర్చిపోయేవాడు. "మర్చిపోయావుగా, ఇప్పుడెళ్ళి తోము" అనేదాన్ని.

విసుక్కునేవాడు. పేపరు విసిరేసేవాడు. అయినా వదిలేదాన్ని కాదు. మళ్ళీ మొదట్నుంచీ, బొమ్మ గీసి, ఒక్కో మెట్టూ చెప్పేదాన్ని. గుంట అద్దంలో బొమ్మ ఎప్పుడు తలకిందులవుతుందో తెలీక కొట్టుకుంటుంటే స్టీలు గరిటె తెచ్చి చేతిలో పెట్టాను. లోపలివైపు చూసుకో, తలకిందులు. వెనక్కి తిప్పి చూసుకో, నిటారు. అప్పుడెక్కింది బుర్రకి. తర్వాత మూడు రోజులు ఇంట్లో ఏ గరిటె కనిపించినా అందులో మొహం చూసుకోవడమే.

ఆయనకి రావాలనే చెప్పాను వదినా. పోటీ అన్న సంగతి మర్చిపోయి కాదు, గుర్తుండే చెప్పాను. గెలిస్తే సరైన మనిషి మీద గెలవాలి కదా. సగం చదివినవాడి మీద గెలిస్తే అదేం గెలుపు? అలా అనుకున్నా. అంత పిచ్చిదాన్ని.

మరి ఆయన నాకు పెట్టే పేపర్లు? ఆహా, ఏం చెప్పను వాటి అందం! "కారు గంటకి అరవై కిలోమీటర్లు పోతే రెండు గంటల్లో ఎంత దూరం పోవును?" "బలమునకు ప్రమాణమేది?" "రాయిని మేడ మీద నుంచి వదిలితే రెండు సెకన్లకి దాని వేగమెంత?" నేను చకచకా రాసి పడేసేదాన్ని. ఆయన ఎర్ర పెన్నుతో అన్నిటికీ టిక్కులు పెట్టి, కింద ఇంత గుండ్రం చుట్టి, "నూటికి నూరు! చూడవే, మీ అమ్మ సైంటిస్టు!" అని పాపకి చూపించేవాడు. పాప చప్పట్లు కొట్టేది. నేను పొంగిపోయేదాన్ని.

అలా నోరు మూసుకుని తీసుకున్నాననుకోకు, అడిగాను. రాపిడి లెక్కలేవీ రావట్లేదేంటి అని అడిగాను. "వస్తాయి వస్తాయి. అయినా నా సగం అంతా ఇంతేనే, తేలిక. కష్టమైనవన్నీ నీ సగంలో పడ్డాయి, నా ఖర్మ" అన్నాడు. నమ్మాను. ఆయన సగం వ్యాన్లో డ్రైవరు సీటు వెనకే ఉండేది. రోజూ మొక్కలు ఎక్కించేటప్పుడు కనిపించేది. చెయ్యి చాపితే అందేది. చాపలేదు. రూలు నాది కదా, నీతి నాది కదా! నీతిమంతురాలికి తగిన శాస్తి జరిగింది.

వేసవంతా ఆయన గిన్నెలు తోమాడు, నేను నూటికి నూరు తెచ్చుకున్నాను. వీధిలో ఆడవాళ్ళు కిటికీలోంచి చూసి "పాపం" అనుకున్నారు. అత్తయ్య నాతో మాట్లాడ్డం మానేశారు. మొగుడి చేత ఎంగిలి గిన్నెలు తోమించే రాక్షసిని కదా నేను.

ఆ... ఎవరు? పాపా, ఏం కావాలమ్మా? నీళ్ళా? ఇదిగో, తాగు. వెళ్ళు, నాన్న దగ్గర కూర్చో. ఆఁ, వస్తా. వస్తానని చెప్పు.

ఎక్కడున్నాను? పరీక్ష. ఆ పరీక్ష సంగతి విను.

పొద్దున బయాలజీ, కెమిస్ట్రీ. దున్నేశాను. మధ్యాహ్నం ఫిజిక్స్. ఆయనది నా ముందు వరస, కాస్త ఎడంగా. వీపు కనిపిస్తోంది. నీలం చొక్కా, నేనే ఇస్త్రీ చేశాను. పేపరు తెరిస్తే ముందంతా ఆయన సగమే. మొదటివి కార్లు, రాళ్ళు. నవ్వుకుంటూ చేశాను.

అప్పుడొచ్చింది వదినా. నేలమీద ఒక పెట్టె. దానికి తాడు కట్టి ఏటవాలుగా పైకి లాగుతున్నారు. పెట్టె బరువు ఇంత, నేలకున్న రాపిడి ఇంత, పెట్టె కదలాలంటే ఎంత బలం కావాలి? నాకు తోచినట్టు బరువునీ రాపిడినీ గుణించి, ఏటవాలుకి తగ్గట్టు సర్దాను. ఓ జవాబొచ్చింది. వాళ్ళిచ్చిన నాలుగిట్లో అదీ ఉంది. హమ్మయ్య అనుకున్నా. దాని కిందే ఇంకోటి. అదే పెట్టె, అదే నేల, అదే ఏటవాలు, ఈసారి వెనకనుంచి కిందికి నొక్కుతూ తోస్తున్నారు. నా పద్ధతిలో చేశాను. మళ్ళీ అదే జవాబు! లాగినా ఒకటే, తోసినా ఒకటే!

పెన్ను ఆగిపోయింది. ఎలా ఒకటవుతుంది? నర్సరీలో మట్టి బండి రోజూ నడిపేదాన్ని నేను. తోస్తే చక్రం నేలలోకి దిగబడుతుంది, చచ్చినా కదలదు. వెనక్కి తిరిగి లాగితే సులువుగా వస్తుంది. ఎవరు నడిపినా అంతే. లాగేటప్పుడు కాస్త పైకి కూడా ఎత్తుతున్నాం, నేలమీద భారం తగ్గుతుంది. తోసేటప్పుడు నేలకేసి నొక్కుతున్నాం, పెరుగుతుంది. అంతవరకూ తెలుస్తోంది. దాన్ని అంకెల్లో ఎలా పెట్టాలో తెలీట్లేదు. ఎప్పుడూ చెయ్యలేదు కదా! అటూ ఇటూ కొట్టుకున్నాను. ఆ తర్వాతది కూడా రాపిడే. దాని తర్వాతది కప్పీ మీద రెండు బరువులు, దానికీ రాపిడే.

అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షకి కొద్ది రోజుల ముందు, నర్సరీ గేటు దగ్గర, లోడింగు అతను మట్టి బండి తోస్తూ ఆయాసపడుతుంటే మీ తమ్ముడు ఆపాడు. "తోయకు బాబూ, లాగు. ఎందుకో తెలుసా?" అని పుల్లతో నేలమీద గీతలు గీసి, బలాన్ని రెండు ముక్కలు చేసి, ఇది ముందుకి, ఇది పైకి, బరువులోంచి ఇది తీసెయ్, మిగిలినదాన్ని రాపిడితో గుణించు అని ఎంత చక్కగా చెబుతున్నాడో! నేను మొక్కల వరసల మధ్య నిలబడి, మాటలు సగం వినపడీ వినపడక, "అబ్బో, మా ఆయనకి ఎన్నెన్ని తెలుసో" అని మురిసిపోయి నా పని చూసుకున్నాను.

వచ్చు వదినా! ఆ లెక్క ఆయనకి వచ్చు. గేటు దగ్గర లోడింగు మనిషికి చెప్పాడు. నాకు చెప్పలేదు.

తలెత్తి చూశాను. ఆ వీపు కదలట్లేదు. చెయ్యి మాత్రం కదులుతోంది. రాసుకుంటూ పోతున్నాడు. పేజీ తిప్పాడు. అక్కణ్ణుంచి వేడి, వెలుగు, కరెంటు. నేను గొంతు పోయేలా నేర్పిన సగం.

అయ్యాక బస్టాపులో అడిగాను. ఎదురుగా నిలబడి అడిగాను, "రాపిడి లెక్కలు నాకెందుకు పెట్టలేదు?" అని. తడబడతాడనుకున్నా. మొహం తిప్పుకుంటాడనుకున్నా. నవ్వాడు! నా భుజం మీద చెయ్యేసి, "అవి చాలా కష్టంగా ఉన్నాయే. నీకెందుకు ఆ తలనొప్పి? తెల్లారకముందే లేస్తావు, పాపని చూస్తావు, షెడ్డులో చస్తావు. పైగా ఒక్క మార్కు తగ్గినా రోజంతా మొహం వేలాడేస్తావు. నూటికి నూరు చూసినప్పుడు నీ మొహం ఎంత బాగుంటుందో నీకు తెలీదు. అందుకే తేలికవి ఏరి పెట్టా" అన్నాడు.

ఏరి పెట్టాడట! పాపకి చేపలో ముళ్ళు తీసి పెడతాం చూడు, అలాగ.

ఇదిగో, ఇదిగో, నీ మొహం కూడా మెత్తబడింది! "ఎంత ప్రేమ" అనుకుంటున్నావు కదా మనసులో? కాదనకు, కనిపిస్తూనే ఉంది. ఎవరికి చెప్పినా ఇక్కడికొచ్చేసరికి ఇలాగే అవుతుంది, అందుకే ఎవరికీ చెప్పలేదు. ప్రేమే. నేను కాదన్నానా? ఆయన మనసులో ఇసుమంత విషం లేదు. విషం ఉంటే బాగుండేది.

బస్సులో ఆ చెయ్యి నా భుజం మీదే ఉంది, దిగేదాకా. తీసెయ్యమని అనలేకపోయాను. ఏమని చెప్పి తీయమంటాను?

సీటు కోసం దాచి ఉంటే వేరు వదినా. "దీనికిది నేర్పితే నన్ను దాటిపోతుంది" అని భయపడి దాచి ఉంటే, నానా తిట్లూ తిట్టేదాన్ని, పెట్టె సర్దుకుని మా అమ్మ దగ్గరికి పోయేదాన్ని. కానీ ఎక్కడో లోపల కాస్త గర్వంగా కూడా ఉండేది. నన్ను చూసి ఒక మనిషి భయపడ్డాడని. భయపడలేదే! ఆయన లెక్కలో నేను పోటీలోనే లేను. నేను అంటు కట్టిన కొమ్మ గురించి అడుగుతుంటే, కాలేజీ అంటుంటే, పరీక్ష అంటుంటే ఆయనకి ముద్దొచ్చింది. అంతే. పాప ఖాళీ కప్పులో ఉత్తుత్తి టీ పోసి ఇస్తే జుర్రుమని తాగి "అబ్బ, ఎంత బాగుందో" అంటాం చూడు, నా చదువుని ఆయన అలా తాగాడు ఈ వేసవంతా.

మొన్న ఫలితాలొచ్చినప్పుడు చూడాల్సింది నువ్వు. ఫోన్లో ముందు తన పేరు చూసుకున్నాడు. ఎగిరి గంతేశాడు. తర్వాత నా పేరు వెతికాడు. కింది నుంచి పైకి వెతికాడు. పైనుంచి కూడా వెతకొచ్చన్న ఆలోచనే లేదు మహానుభావుడికి! లేదు. "పర్లేదులే, బాధపడకు" అన్నాడు వెంటనే. నేను బాధపడ్డానో లేదో చూడనే లేదు, ఆ మాట నోట్లో రెడీగా ఉంది. "వచ్చేసారికి నేనే దగ్గరుండి చెబుతా. తేలికైన చాప్టర్లతో మొదలెడదాం" అన్నాడు.

తేలికైన చాప్టర్లతో!

ఇప్పుడు ముందుగదిలో ఏమంటున్నాడు? విన్నావుగా. "అంతా మా ఆవిడ చలవే" అంటున్నాడు. దానికి వాళ్ళు "ఎంత పెద్ద మనసో" అంటున్నారు. ఎవరి మనసు? ఆయనదే! నేర్పింది నేను, పెద్ద మనసు ఆయనది. కాలేజీలో కూడా మొదటేడు ఫిజిక్స్ ఉందట, "నువ్వే పేపర్లు పెట్టాలి, నీలా ఎవరూ పెట్టలేరు" అని పొద్దున అడిగాడు కూడా. జీతం నేను తేవాలి, గిన్నెలు నేను తోమాలి, పేపర్లు కూడా నేనే పెట్టాలి.

వద్దు. నువ్వేం మాట్లాడొద్దు ఆయనతో. క్షమాపణ చెప్పిస్తావా? ఓ, చెబుతాడు. నువ్వు నోరు తెరవకముందే చెబుతాడు. ఎందుకు చెబుతున్నాడో తెలీకుండానే, నేను నవ్వాలని చెప్పేస్తాడు. నాకేం చేసుకోవడానికది?

ఏంటి అలా చూస్తున్నావు?

ఏంటది, మళ్ళీ అడుగు.

ఆఁ... రాపిడి లెక్కలు నాలుగైదు పోతే మాత్రం కనీస మార్కులు కూడా ఎలా రాలేదు అనా? భేష్ వదినా. పొద్దుటి నుంచీ ఇంతమంది వచ్చారు, టీలు తాగారు, ఆ లెక్క ఒక్కరికీ తట్టలేదు. "ఫిజిక్స్ ఆడపిల్లలకి కష్టం లెండి" అని అత్తయ్య అంటే అందరూ తలలూపారు. మీ తమ్ముడికీ తట్టలేదు. నీకు తట్టింది.

ఆ తలుపు కాస్త దగ్గరికెయ్.

రాయలేదు. నా సగం నేను రాయలేదు వదినా. పేజీ తిప్పాను. వేడి, వెలుగు, కరెంటు, ఒక్కొక్క ప్రశ్నా చూడగానే జవాబు నోటికొచ్చేస్తోంది. కళ్ళు మూసుకుని రాయొచ్చు. పెన్ను మూత పెట్టేశాను. ఆ నీలం చొక్కా వీపు చూస్తూ కూర్చున్నాను, బెల్లు కొట్టేదాకా. పర్యవేక్షించేవాడు వచ్చి "అయిపోయిందామ్మా?" అంటే అయిపోయిందన్నాను.

ఎందుకంటే ఏం చెప్పను? అసహ్యమేసింది. ఆయన మీద, ఆ ఎర్ర టిక్కుల మీద, చప్పట్లకి పొంగిపోయిన నా మీద. ఆ కాగితం ఇంక ముట్టుకోబుద్ధి కాలేదు. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు? నేను తప్పితే ఆయనకి తెలుస్తుందనుకున్నాను, తను నాకేం చేశాడో. నా సీటు నేనే పారేసుకుని ఆయనకి పాఠం చెబుదామనుకున్నాను! ఏం తెలిసిందాయనకి? "పాపం, కష్టమైనవి వచ్చినట్టున్నాయి" అన్నాడు.

రాసి ఉంటే? ఆ రాపిడి పోయినా, మిగతావన్నీ రాసి ఉంటే? బయాలజీతో కలుపుకుని ఆయన్ని దాటేదాన్నేమో. దాటకపోయేదాన్నేమో. ఇంక ఎవరికీ తెలీదు, నాతో సహా.

ఏడవట్లేదు, సబ్బు. ఆ కొంగు అక్కర్లేదులే.

నువ్వెళ్ళు వదినా, నీకోసం చూస్తారు. ఈ మాట మాత్రం మీ తమ్ముడికి చెప్పకు. కోప్పడతాడని కాదు. కోప్పడితే ఎంత బాగుండునో! కోప్పడడు. వచ్చి ఇక్కడ, ఈ స్టూలు మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని జాలిపడతాడు. అది మాత్రం నావల్ల కాదు.